పట్టాతో పాటు ఒక ఆకు

శాంతినికేతన్‌లో చదువు ముగించుకున్న విద్యార్థికి పట్టాతో పాటు ఒక ఆకు ఇవ్వడం ఆచారం. బంగారు రేకు కాదు, వెండి రేకు కాదు. చెట్టు నుంచి కోసిన పచ్చని ఆకు. ఆ చెట్టును బెంగాలీలో ఛాతిం అంటారు, సంస్కృతంలో సప్తపర్ణి. మనం ఏడాకుల పాల అంటాం, కొన్నిచోట్ల ఏడాకుల పొన్న అని కూడా అంటారు. విశాఖపట్నం శ్రోతలకు ఈ చెట్టును కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను తరువాత ఆ నగరంలో వీధుల వెంట వీటిని విస్తారంగా నాటారు. శరత్కాలంలో ఆ పూల ఘాటు భరించలేకపోతున్నామని కొందరు ఫిర్యాదులు కూడా చేశారు. ఒకప్పుడు ఈ చెట్టు కలపతో బడిపిల్లలకు పలకలు చేసేవారు. అటువంటి చెట్టు ఆకును ఒక విశ్వవిద్యాలయం తన పట్టభద్రుడి చేతిలో పెడుతుంది. ఎందుకు? ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని పోతే, ప్రైవేటు విశ్వవిద్యాలయం ఎందుకు పుడుతుంది, దాని స్నాతకోత్సవం ఎలా ఉండాలి అన్న పెద్ద ప్రశ్న దగ్గరికి చేరుకుంటాం. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఒక్క మాట. ముందే చెప్పేస్తాను. ఒక విశ్వవిద్యాలయం తాను ఎందుకు పుట్టిందో ఆ కారణాన్ని, పట్టా ఇచ్చే రోజున విద్యార్థి చేతిలో పెట్టాలి. ఆ పని చేయని స్నాతకోత్సవం ఎంత ఘనంగా జరిగినా కాగితాల పంపిణీయే అవుతుంది.

ముందుగా ఆ పుట్టుక సంగతి చూద్దాం. 1863లో దేవేంద్రనాథ్ ఠాగూర్ బెంగాల్‌లో బోల్‌పూర్ దగ్గర కొంత బీడు భూమిని శాశ్వత కౌలుకు తీసుకున్నారు. ఎర్రమట్టి నేల. నీడంటూ ఉన్నది రెండు ఏడాకుల పాల చెట్లదే. దారిన పోతూ ఆ చెట్ల కింద ఆగి, అక్కడి నిశ్శబ్దానికి ముగ్ధుడై ఆయన ఆ చోటును ఎంచుకున్నారని ఆశ్రమంలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయన అక్కడ ఇల్లు కట్టారు. 1888లో దస్తావేజు రాసి, ఆ చోటును ధ్యానానికి ఎవరైనా వచ్చి ఉండగల ఆశ్రమంగా అప్పగించారు. అంటే తన కుటుంబ ఆస్తిగా ఉంచుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత 1901 డిసెంబరులో ఆయన కుమారుడు రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడే ఒక బడి తెరిచారు. మొదట చేరిన పిల్లలు అయిదుగురు. అందులో ఒకరు ఆయన సొంత కొడుకే. తరగతి గదులు లేవు. చెట్టు నీడే గది. వాన వస్తే లోపలికి పరుగు. బడి నడపడానికి డబ్బు లేదు. భార్య మృణాళినీ దేవి తన నగలు ఇచ్చారు. పూరీలో ఉన్న ఇల్లు అమ్మారు. బడి పెట్టి ఏడాది తిరగకముందే ఆమె కన్నుమూశారు. ఆ బడి మాత్రం ఆగలేదు. బాల్యంలో తనకు నాలుగు గోడల మధ్య ఊపిరాడని బడులు ఎదురయ్యాయి కనుక, పిల్లలకు ఆకాశం కనబడే బడి ఒకటి ఉండాలని రవీంద్రులు పట్టుపట్టారు. అదే మొదటి కారణం. గోడలు లేని చదువు.

ఇరవై ఏళ్ల తరువాత అదే చోట విశ్వవిద్యాలయం వెలిసింది. 1921 డిసెంబరు 23న తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ అధ్యక్షతన విశ్వభారతి లాంఛనంగా మొదలైంది. ప్రపంచమంతా ఒకే గూటిలో కలుసుకునే చోటు కావాలన్నది దాని ఆశయం. రెండో కారణం ఇది. దేశాల మధ్య గోడలు లేని చదువు. మరుసటి ఏడాది పక్కనే సురుల్‌లో శ్రీనికేతన్ మొదలైంది. ఇంగ్లండు నుంచి వచ్చిన లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అక్కడ చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయం, ఆరోగ్యం, చేతిపనుల మీద పని ప్రారంభించారు. మూడో కారణం ఇది. ఊరికీ చదువుకూ మధ్య గోడ లేకపోవడం. మూడూ వేరువేరుగా కనబడతాయి గానీ, నిజానికి ఒక్కటే. గోడ ఉండకూడదు. ఈ మొత్తం సంస్థ 1951 వరకు ప్రభుత్వానిది కాదు. నమోదైన ఒక సంఘం ఆధ్వర్యంలో నడిచిన ప్రైవేటు విశ్వవిద్యాలయం. దాన్ని పోషించినది ఏమిటి? నోబెల్ బహుమతి సొమ్మును రవీంద్రులు పతిసర్ అనే ఊళ్లో రైతులకు అప్పులిచ్చే బ్యాంకులో పెట్టారు. దాని వడ్డీ బడికి. తన బెంగాలీ పుస్తకాల హక్కులు విశ్వభారతికి రాసిచ్చారు. హైదరాబాదు నిజాం ఇస్లామిక్ విద్యల పీఠం కోసం లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ పీఠంలో పాఠాలు చెప్పడానికి హంగేరీ నుంచి జూలియస్ గెర్మానుస్ అనే పండితుడు వచ్చారు. పిఠాపురం సంస్థాన విద్వాంసుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని ముగ్ధులైన రవీంద్రులు ఆయనను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. మన రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదివినవారే. హైదరాబాదు సొమ్ము, హంగేరీ పండితుడు, గోదావరి జిల్లా వీణ. వీటన్నిటికీ ఒకే చోట కలుసుకునే వీలు దొరికింది.

డబ్బు మాత్రం ఎప్పుడూ చాలలేదు. 1936లో, డెబ్బై అయిదో ఏట ఉన్న రవీంద్రులు విద్యార్థుల బృందాన్ని వెంటబెట్టుకుని నృత్య నాటకం ప్రదర్శిస్తూ ఊరూరా తిరిగి ఢిల్లీ చేరారు. విశ్వవిద్యాలయం అప్పులు తీర్చడానికి. ఆ వయసులో ఆయన అలా తిరగడం గాంధీజీని కలచివేసింది. వెంటనే అరవై వేల రూపాయలు సమకూర్చి, ఇక ఇంటికి వెళ్లండని ప్రాధేయపడ్డారు. నాలుగేళ్ల తరువాత, 1940 ఫిబ్రవరిలో గాంధీజీ శాంతినికేతన్ వచ్చి వెళ్లేటప్పుడు రవీంద్రులు ఆయన చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. తన తదనంతరం ఈ సంస్థను మీ సంరక్షణలోకి తీసుకోండని అందులో కోరారు. గాంధీజీ ఆ ఉత్తరాన్ని మౌలానా ఆజాద్‌కు ఇచ్చారు. ఆజాద్ విద్యామంత్రిగా ఉన్నప్పుడే, 1951లో, పార్లమెంటు చట్టం చేసి విశ్వభారతిని కేంద్రీయ విశ్వవిద్యాలయంగా స్వీకరించింది. ఒక మనిషి మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం వారసుడి చేతికి పోలేదు. జాతి చేతికి పోయింది. తండ్రి దస్తావేజు రాసి భూమిని అందరికీ వదిలాడు. కొడుకు ఉత్తరం రాసి విశ్వవిద్యాలయాన్ని అందరికీ వదిలాడు.

ఇప్పుడు మళ్లీ ఆకు దగ్గరికి వద్దాం. విశ్వభారతి స్నాతకోత్సవం సంప్రదాయంగా ఆమ్రకుంజంలో, అంటే మామిడితోపులో జరుగుతుంది. నల్లగౌను ఉండదు, టోపీ ఉండదు. భుజాన ఉత్తరీయం ఉంటుంది. ప్రధానమంత్రి అక్కడ ఆచార్య హోదాలో, అంటే కులపతిగా, ఏడాకుల పాల ఆకు అందజేస్తారు. ఈ ఆచారం రవీంద్రుల కాలం నుంచీ వస్తున్నదని చెబుతారు. ఇందులో ఏముందో ఒక్కొక్కటే చూడండి. విద్యార్థి ఏళ్ల తరబడి ఏ చెట్ల నీడన కూర్చుని చదివాడో ఆ చెట్ల మధ్యే పట్టా పుచ్చుకుంటున్నాడు. ఏ చెట్టు కింద ఆగడం వల్ల ఈ చోటు పుట్టిందో ఆ జాతి చెట్టు ఆకే అతని చేతికి వస్తున్నది. గోడలు లేని చదువు కోసం పుట్టిన సంస్థ, పట్టా కూడా గోడలు లేని చోటే ఇస్తున్నది. ఆకు ఎవరూ అమ్ముకోలేరు. ఉద్యోగానికి దరఖాస్తుతో జతచేయలేరు. నాలుగు రోజుల్లో వాడిపోతుంది. దాని విలువంతా గుర్తుచేయడంలోనే ఉంది. కాగితం నీవు ఏమి నేర్చావో చెబుతుంది. ఆకు నీకు ఎక్కడ, ఎందుకు నేర్పారో చెబుతుంది. నేను మొదట అన్న మాట ఇదే. పుట్టిన కారణాన్ని విద్యార్థి చేతిలో పెట్టడం.

ఒక మాట అడగవచ్చు. గౌను వేసుకోవడం తప్పా? కాదు. ఇందుకు శాంతినికేతన్‌లోనే మంచి సాక్ష్యం ఉంది. 1940 ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రవీంద్రులకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన ప్రయాణం చేసే స్థితిలో లేరు. అందుకని ఆక్స్‌ఫర్డే శాంతినికేతన్‌కు వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం తరఫున వచ్చినవారిలో ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వైయర్ ఒకరు. మరొకరు అంతకు కొన్నేళ్ల ముందు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసి, అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆక్స్‌ఫర్డ్ తన ఆచారం ప్రకారం లాటిన్‌లో ప్రశంస చదివింది. రవీంద్రులు సంస్కృతంలో జవాబు చెప్పారు. ఎవరి భాష వారు మాట్లాడారు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఆ లాటిన్, ఆ అంగీలు ఆక్స్‌ఫర్డ్‌కు అరువు సొమ్ము కాదు. అవి అక్కడి మఠాల చదువుల నుంచి, అక్కడి చలి నుంచి, వందల ఏళ్లుగా వచ్చినవి. కాబట్టి ఆక్స్‌ఫర్డ్ గౌను ఆక్స్‌ఫర్డ్‌లో అబద్ధం కాదు. అదే గౌనును మే నెలలో, నలభై డిగ్రీల ఎండలో, అద్దెకు తెచ్చుకుని, ఫొటో కాగానే తిరిగి ఇచ్చేసే చోట అది ఏమి చెబుతుంది? విశ్వవిద్యాలయం అనిపించుకోవాలన్న ఆరాటం ఒక్కటే చెబుతుంది.

ఈ గౌను మీద మన దేశంలో గొడవ కొత్తది కాదు. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవ వేదిక మీదనే అప్పటి కేంద్రమంత్రి జైరామ్ రమేశ్ అంగీ తీసేశారు, వలస పాలన అవశేషమంటూ. 2019లో యూజీసీ చేనేత వస్త్రాలు వాడమని విశ్వవిద్యాలయాలకు సూచించింది. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ తన పరిధిలోని వైద్యసంస్థలకు నల్ల అంగీలు మాని, స్థానిక సంప్రదాయానికి తగిన దుస్తులు రూపొందించుకోమంది. మంచిదే. మంగళగిరి నేతగాడికీ పోచంపల్లి నేతగాడికీ నాలుగు మగ్గాల పని దొరికితే అంతకంటే కావలసిందేముంది? అయినా నా వాదన ఇక్కడితో ఆగదు. బట్ట మారితే సరిపోదు. నల్ల అంగీ స్థానంలో జరీ ఉత్తరీయం వచ్చి, తక్కినదంతా యథాతథంగా ఉంటే, అరువు సొమ్ము స్థానంలో మరో అరువు సొమ్ము వచ్చిందంతే. విశ్వభారతి ఉత్తరీయానికి అర్థం ఉత్తరీయంలో లేదు. దాని వెనకాల ఉన్న మామిడితోపులో, చెట్టు కింది తరగతిలో, అమ్ముడుపోయిన నగల్లో ఉంది. వేడుక పుట్టుక నుంచి మొలవాలి. పైనుంచి వచ్చిన ఆదేశం ఆ పని చేయలేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది: విశ్వభారతి చివరకు ప్రభుత్వం చేతికే వెళ్లింది కదా, ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు అది ఆదర్శం ఎలా అవుతుంది? నిజమే, డబ్బు విషయంలో అది ఆదర్శం కాదు. విరాళాల మీద, ఒక కవి పేరు మీద ఎల్లకాలం విశ్వవిద్యాలయం నడవదని దాని చరిత్రే చెబుతున్నది. ఫీజులు తీసుకునే సంస్థను నేను నేరస్థుడిలా చూడడం లేదు. జీతాలు ఇవ్వాలి, ప్రయోగశాలలు కట్టాలి. నేను అంటున్నది వేరు. యాజమాన్యం మారినా ఆచారం మారలేదు. సంఘం పోయి చట్టం వచ్చింది, ఆకు మాత్రం నిలిచింది. పుట్టిన కారణం వేడుకలోకి ఎక్కితే అది యజమానులను దాటి బతుకుతుందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పుట్టుకను గుర్తుచేయడమంటే స్థాపకుడి భజన అయిపోదా? అవుతుంది, అయ్యే ప్రమాదం బాగా ఉంది. వేదిక వెనక నిలువెత్తు ఫొటో, ముందు దండలు, ప్రసంగాల్లో సగం ఆయన త్యాగనిరతి. ఇటువంటి సభలు మనం చూస్తూనే ఉన్నాం. కానీ ఆకును గమనించండి. దాని మీద రవీంద్రుల బొమ్మ లేదు, పేరు లేదు. ఆ చెట్టును ఆయన నాటలేదు కూడా. ఆయన బడి పెట్టకముందు నుంచీ ఆ జాతి చెట్లు అక్కడ ఉన్నవే. స్థాపకుణ్ణి గుర్తుచేయడం వేరు, స్థాపన ఉద్దేశాన్ని గుర్తుచేయడం వేరు. స్థాపకుణ్ణి గుర్తుచేస్తే విద్యార్థి దండం పెట్టి ఊరుకుంటాడు. ఉద్దేశాన్ని గుర్తుచేస్తే, మీరు ఆ మాట నిలబెట్టుకున్నారా అని అడుగుతాడు. అడగడానికి అతనికి హక్కు వస్తుంది. నేను కోరుకునేది ఆ రెండోది.

మూడో అభ్యంతరం: సంప్రదాయం వందల ఏళ్లకు గాని ఏర్పడదు, నిన్నమొన్న పుట్టిన సంస్థలు దాన్ని ఎక్కడ తెచ్చుకుంటాయి? ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. శాంతినికేతన్ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. అక్కడ సంప్రదాయాలుగా కనబడుతున్నవి చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కావాలని ఆలోచించి మొదలుపెట్టినవే. వృక్షారోపణ పండుగ 1928లో మొదలైంది. 1915లో గాంధీజీ వచ్చినప్పుడు వంట, ఊడ్చడం, నీళ్లు మోయడం అన్నీ విద్యార్థులే చేసుకోవాలని ప్రోత్సహించారు. ఆ గుర్తుగా ఇప్పటికీ ఏటా మార్చి 10న అక్కడ విద్యార్థులు, అధ్యాపకులు చీపుళ్లు పట్టుకుంటారు. ఒక రోజు జరిగిన పని వందేళ్ల ఆచారమైంది. ఎందుకు నిలిచింది? పాతది కనుక కాదు. ఆ సంస్థ చెప్పే మాటకూ చేసే పనికీ పొత్తు కుదిరింది కనుక. విశ్వవిద్యాలయం వయసు పదేళ్లే కావచ్చు. చెప్పిన మాట ఉంటే చాలు, దానికి తగిన వేడుకను మొదటి స్నాతకోత్సవం నాడే మొదలుపెట్టవచ్చు.

ఆకులు పంచితే చదువు బాగుపడుతుందా అని కూడా అడుగుతారు. పడదు. సూటిగానే ఒప్పుకుంటాను. విశ్వభారతిలోనే ఒక దశలో అయిదేళ్ల పాటు స్నాతకోత్సవం జరగలేదు. 2018 మే 25న మళ్లీ జరిగింది. వేడుక ఉన్నంత మాత్రాన పాలన చక్కబడదని అది రుజువు చేసింది. కానీ అదే సంగతిని మరోవైపు నుంచి చూడండి. స్నాతకోత్సవం వట్టి ఆర్భాటమే అయితే, అది జరగని ఏళ్లలో ఎవరికీ లోటు తోచకూడదు. పట్టా టపాలో వస్తే చాలనుకోవాలి. అలా ఎవరూ అనుకోరు. తల్లిదండ్రులు అప్పు చేసి చదివించిన పిల్ల వేదిక ఎక్కడం చూడాలని రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు. ఆ ఒక్క రోజున విశ్వవిద్యాలయం మాట వినడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. అటువంటి రోజున చెప్పడానికి దాని దగ్గర మాట లేకపోతే, లోటు వేడుకది కాదు, సంస్థది.

మరొక సంగతి. ఒకప్పుడు పట్టభద్రులందరికీ ఆకులు ఇచ్చేవారు. విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ చెట్లు బోడి అయ్యే పరిస్థితి వచ్చింది. అందుకని ఇటీవలి కాలంలో అందరి తరఫున ఒక్కరే లాంఛనంగా ఆకు అందుకుంటున్నారు. కొందరికి ఇది వెలితిగా తోచవచ్చు. నాకు మాత్రం ఇందులోనే ఆ ఆచారం ప్రాణం కనబడుతుంది. చెట్టును గౌరవించమని చెప్పే ఆచారం చెట్టుకు కీడు చేస్తున్నదని తెలియగానే తనను తాను దిద్దుకుంది. అర్థం తెలిసిన ఆచారమే అలా దిద్దుకోగలదు.

మన రాష్ట్రాల సంగతికి వస్తాను. ప్రైవేటు విశ్వవిద్యాలయాల కోసం ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో చట్టాలు చేశాయి. కొత్త సంస్థలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. వీటిలో చాలావి లేచిన చోట నిన్నటిదాకా పొలాలే. ఆ పొలాలకు యజమానులు ఉండేవారు, కౌలుదార్లు ఉండేవారు, కూలీలు ఉండేవారు. మన విశ్వవిద్యాలయాల పుట్టుకలో అందరికంటే ముందున్నది వాళ్లే. శాంతినికేతన్ ఆకును మనం ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. తెస్తే అదీ అరువే. మనది మనం వెతుక్కోవాలి. ఏ ఊళ్ల నేల మీద ఈ విశ్వవిద్యాలయం లేచిందో ఆ ఊళ్ల పేర్లు స్నాతకోత్సవం మొదట్లో ఒక్కొక్కటిగా చదవవచ్చు. ఆ ఊళ్ల పెద్దలను, అక్కడి కూలి కుటుంబాలను ముఖ్య అతిథి పక్కన ముందు వరుసలో కూర్చోబెట్టవచ్చు. ఆ ఊళ్ల నుంచి వచ్చి పట్టా పుచ్చుకుంటున్న పిల్లలు ఎందరో అదే వేదిక మీద చెప్పవచ్చు. ఒకరూ లేకపోతే ఆ సంగతీ చెప్పవచ్చు, మరుసటి ఏడాదికి ఏం చేస్తారో చెప్పవచ్చు. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్నాతకోత్సవం ఎలా జరపాలో పాలక మండళ్లే నిర్ణయించుకుంటాయి. వచ్చే స్నాతకోత్సవానికే దీన్ని మొదలుపెట్టవచ్చు.